గొల్లపల్లిలో అరిగిన మెట్లకు వైద్యం

విజయనగరం నుంచి రాయగడ మీదుగా రాయపూరు పోయే రైలుమార్గంలో బొబ్బిలి ఒక జంక్షను. సాలూరుకు పోయే చిన్న శాఖ ఇక్కడే విడిపోతుంది. చలికాలపు ఒక ఉదయం ఈ స్టేషనులో డెబ్బయి ఏళ్ల వృద్ధురాలొకరు దిగారు. ఆమె వెనుకనే ఇంజనీరింగు చదువుతున్న మనుమడు, పాత బొంతలో చుట్టిన నిలువెత్తు మూటను పసిపిల్లను ఎత్తుకున్నట్లు రెండు చేతులా ఎత్తుకొని దిగాడు. స్టేషను బయట ఆటోవాడు ఆ మూటను చూడగానే ఎక్కడికని అడగలేదు. "గొల్లపల్లికే గదండి?" అన్నాడు.

బొబ్బిలిలో దుప్పటి చుట్టిన వీణను పోల్చుకోలేనివారు అరుదు. బయటి ఆంధ్రదేశానికి ఈ ఊరి పేరు వినగానే 1757 జనవరి 24 గుర్తుకు వస్తుంది. బుస్సీ నడిపించిన ఫ్రెంచి సేన, విజయనగర ప్రభువుల బలగం ఒకవైపు, మట్టికోటలోని బొబ్బిలి వెలమదొరలు ఒకవైపు నిలిచి పోరాడిన రోజది. ఆ వీరగాథను జంగంకథలు ఇంటింటికీ చేర్చాయి. యుద్ధం ఒక్కరోజులో ముగిసింది. అదే సంస్థానాధిపతుల ఆదరణలో మొదలయిందని చెప్పుకొనే వీణల పని మాత్రం నేటికీ పట్టణానికి చేరువలోని గొల్లపల్లిలో సాగుతున్నది. సర్వసిద్ధి అనే ఇంటిపేరు గల కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ పనసదుంగను వీణగా మలుస్తున్నాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. గుర్తింపు వల్ల పనసచెట్ల కొరత తీరలేదన్నది వేరే సంగతి.

కుండ, దండి, యాళిముఖం వేరు వేరు ముక్కలుగా చేసి అతికించడం కొన్నిచోట్ల పద్ధతి. ఇక్కడివారికి గర్వకారణం ఏకాండి వీణ. ఒకే దుంగలోనుంచి కుండను తొలిచి, దండిని చెక్కి, తలవరకు తెగకుండా తీసుకొని రావాలి. అందుకు తగిన లావు, వయస్సు గల పనసచెట్టు ఇప్పుడు తేలికగా దొరకదు. అందువల్లనే పల్లెలోని వసారాలలో నిలువెత్తు వీణల కంటే, అద్దాల పెట్టెలో పెట్టి బహుమతిగా ఇచ్చే జానెడు వీణలే ఎక్కువ కనిపిస్తాయి. సన్మానసభలకు, మంత్రుల రాకకు, పెళ్లిళ్లకు వాటి అవసరం తరగదు. కడుపు నింపేవి అవే. కాని వాటికి శ్రుతి లేదు. వాటి మెట్లు ఎంత అరిగినా ఎవరూ బాగుచేయించుకోరు, ఎందుకంటే అవి ఎన్నటికీ అరగవు.

వృద్ధురాలి వీణ అటువంటిది కాదు. అది ఆమె తల్లి వాయించినది. తల్లి తరువాత ఆమె చేతికి వచ్చి, నలభై ఏళ్లకు పైగా ఆమె ఇంటి ముందుగదిలో పిల్లలకు పాఠం చెప్పింది. మేస్త్రీ బొంత విప్పి, చాపమీద పడుకోబెట్టి, ముందు ఏమీ మాట్లాడక దండిమీద వేళ్లతో ఒకసారి పైనుంచి కిందికి నిమిరారు.

"ఏటమ్మగారూ, ఇన్నాళ్లు ఆగిపోనారేటి?" అన్నారు.

"పలుకుతూనే ఉన్నది కదా అని ఆగాను మేస్త్రీగారూ. ఇప్పుడు పిల్లలు సరళీస్వరాలు వాయిస్తుంటే రిషభం జీరపోతున్నది. మధ్యమమూ, ధైవతమూ అంతే. గాంధారం, పంచమం బాగానే ఉన్నాయి. నిషాదమూ బాగానే ఉన్నది. ఇదేమి చోద్యమో నాకు తెలియడం లేదు."

మేస్త్రీ నవ్వారు. ఆ చోద్యానికి సమాధానం ఆయనకు వీణ మీటకముందే కనిపించింది.

వీణకు 24 మెట్లు. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. దండిమీద పొడవునా రెండు మైనపు గట్లు కట్టి, ఆ గట్లమీద అడ్డంగా ఈ లోహపు మెట్లను కూర్చుతారు. తేనెమైనంలో మసిపొడి కలిపి చేసే ఆ ముద్ద నల్లగా, కొంత జిగురుగా ఉంటుంది. కొందరు గుగ్గిలం కూడా కలుపుతారు. సితారు మెట్లను దారంతో దండికి కట్టి కావలసినప్పుడు జరుపుకొంటారు. గిటారు మెట్లను చెక్కలో గాడి తీసి దిగగొడతారు. వీణ మెట్టు ఈ రెంటికీ నడుమ ఉన్నది. జరగదు, కాని మైనం మెత్తబడితే జరుగుతుంది. గట్టిగా ఉన్నది, కాని దిగగొట్టినది కాదు. ఈ మెట్లను కూర్చే పనికి వాడుకలో ఉన్న పేరు మేళం కట్టడం. పెళ్లిలో వాయించే మేళం వేరు, ఇది వేరు. ఒకే మాట రెండు పనులకు తిరగడం తెలుగువారికి కొత్త కాదు.

ఉక్కుతీగను వేలితో నొక్కి మీటిన ప్రతిసారీ లోహం మీద లోహం రాసుకుంటుంది. ఒక్కసారికి ఏమీ కాదు. లక్షసార్లకు తీగ కింద సన్నని గాడి పడుతుంది. వీణలో మరొక విశేషం కూడా ఉన్నది. గమకం కోసం వైణికుడు తీగను మెట్టుమీదనే పక్కకు లాగుతాడు. ఒక్క మెట్టుమీద రెండు మూడు స్వరాలు పలికించే ఆ లాగుడు, మెట్టు వీపును అడ్డంగా కోస్తూ పోతుంది. కచేరీ చేసే విద్వాంసుని వీణమీద అరుగుదల వెడల్పుగా, నునుపుగా, చెప్పులు నడిచిన గుడిమెట్టులా పల్లమై ఉంటుంది. పాఠం చెప్పే వీణమీద అది ఇరుకుగా, లోతుగా ఉంటుంది. చిన్నపిల్లలు లాగరు, నొక్కుతారు.

మేస్త్రీ వీణను కిటికీ వెలుతురుకు తిప్పి, మనుమణ్ణి దగ్గరకు పిలిచారు. "ఏ మెట్లు అరిగాయో లెక్కపెట్టు బాబూ" అన్నారు. కుర్రవాడు గోరుతో ఒక్కొక్క మెట్టునూ గీకుతూ లెక్కపెట్టాడు. గోరు చిక్కినవి ఒకటి, నాలుగు, అయిదు, ఏడు, ఎనిమిది, పదకొండు, పన్నెండు. మిగిలినవాటిమీద గీతలున్నాయి గాని గాడి లేదు.

సంగీతం నేర్చిన ఎవరికైనా ఆ అంకెలు చాలు. అది మాయామాళవగౌళ. శుద్ధ రిషభం మొదటి మెట్టు, అంతర గాంధారం నాలుగు, శుద్ధ మధ్యమం అయిదు, పంచమం ఏడు, శుద్ధ ధైవతం ఎనిమిది, కాకలి నిషాదం పదకొండు, తారషడ్జం పన్నెండు. పురందరదాసు పేరుమీద దక్షిణదేశంలో పిల్లలందరికీ మొదట చెప్పే సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు అన్నీ ఈ రాగంలోనివే. నలభై ఏళ్లలో ఎందరు పిల్లలు ఆ ముందుగదిలో కూర్చొని లేచిపోయారో గాని, వారందరి వేళ్లూ ఈ ఏడు మెట్లనే తొక్కిపోయాయి. కృతుల దాకా వచ్చినవారు తక్కువ. రెండవ మెట్టు, తొమ్మిదవ మెట్టు ఆ మాటనే చెబుతున్నాయి.

జీర రహస్యమూ ఇందులోనే ఉన్నది. నొక్కిన మెట్టు కంటే దాని ముందరి మెట్టు ఎత్తుగా ఉంటే, కంపించే తీగ ఆ ఎత్తును తాకుతుంది. మొదటి మెట్టు అరిగి, రెండవది అరగక నిలిచింది, కనుక రిషభం జీరపోయింది. అయిదవది అరిగి ఆరవది నిలిచింది, కనుక మధ్యమం. ఎనిమిది అరిగి తొమ్మిది నిలిచింది, కనుక ధైవతం. నాలుగు, అయిదు కలిసి అరిగాయి. ఏడు, ఎనిమిది కలిసి అరిగాయి. పదకొండు, పన్నెండు కూడా అంతే. అందువల్ల గాంధారానికి, పంచమానికి, నిషాదానికి బాధ లేదు. కలిసి కుంగిన ఇరుగుపొరుగుల మధ్య తగవు రాదు.

మనుమడు గిటారు వాయిస్తాడు. అతనికి ఈ జాడ్యం కొత్త కాదు. గిటారులో మొదటి మూడు నాలుగు మెట్లు, సన్నని తీగల కింద, ముందుగా గాడి పడతాయి. అక్కడ మెట్టుకు వాడేది సాధారణంగా రాగి, నికెలు, తుత్తునాగం కలిసిన లోహం. పేరులో వెండి ఉంటుంది గాని అందులో వెండి ఉండదు. గాడి కనిపించినంత మాత్రాన మరమ్మతు అవసరం లేదు. స్వరం జీరపోవాలి, లేదా చచ్చిపోయినట్లు మొద్దుగా పలకాలి, లేదా తీగను పక్కకు లాగినప్పుడు గాడిలో చిక్కుకోవాలి. అప్పుడు నిపుణుడు మెట్లన్నింటినీ ఆకురాయితో సమం చేసి, ప్రతి మెట్టు వీపునూ తిరిగి గుండ్రంగా దిద్దుతాడు. వీపు బల్లపరుపుగా మిగిలితే తీగ ఎక్కడ తాకుతుందో నిలకడ ఉండదు, శ్రుతి తప్పుతుంది. ఇట్లా కొన్నిసార్లు దిద్దవచ్చును. మెట్టు ఎత్తు తగ్గి, వేలు చెక్కను తాకే స్థితి వచ్చినప్పుడు మాత్రం పాతవి పెరికి కొత్తవి వేయక తప్పదు. పెరికేటప్పుడు చెక్క పెచ్చులూడే ప్రమాదమున్నది కనుక గిటారు మేస్త్రీలు ఆ పనిని వీలయినంతకాలం వాయిదా వేస్తారు.

ఇంగ్లీషులో మెట్టుకు ఫ్రెట్ అని పేరు. అదే రూపంలో ఉన్న మరొక పాత మాటకు కొరుక్కుతినడం, అరగదీయడం అని అర్థం. రెండింటికీ చుట్టరికం ఉన్నదని నిఘంటుకారులు గట్టిగా చెప్పరు. గొల్లపల్లి వసారాలో కూర్చుంటే ఉన్నదనే అనిపిస్తుంది.

"అయితే ఆకురాయి పెట్టించుకుందాం అమ్మమ్మా, పూటలో అయిపోతుంది" అన్నాడు మనుమడు.

మేస్త్రీ తల అడ్డంగా తిప్పారు. ఏడు మెట్లు లోతుగా అరిగాయి. మిగిలిన వాటిని ఆ లోతుకు దించాలంటే మంచి లోహం సగం పొడి చేయాలి. ఏడింటినే తీసి కొత్తవి వేస్తే పాతవాటి కంటే ఎత్తుగా లేస్తాయి, ఇప్పుడు లేని చోట కొత్త జీర పుడుతుంది. పైగా ఆయన మెట్లకంటే ఎక్కువగా మైనాన్ని చూశారు. గట్లు అక్కడక్కడ నెర్రెలు విచ్చాయి. రెండు మెట్లు ఒక కొసన పట్టు వదిలి, నొక్కితే కదులుతున్నాయి. ఎన్నో వేసవులు మెత్తబడి, ఎన్నో చలికాలాలు బిగుసుకొన్న మైనం అది. కదిలే పునాదిమీద మెట్టును ఎంత దిద్దినా ప్రయోజనం లేదు. మొత్తం ఊడదీసి కొత్త మేళం కట్టాలన్నది ఆయన తీర్పు. రెండు రోజుల పని.

వృద్ధురాలు వెంటనే సరే అనలేదు. చాలాసేపు మాట్లాడలేదు కూడా. ఆమె భయం డబ్బును గురించి కాదు. ఆ మేళం ఆమె తల్లి కాలంలో కట్టినది, కట్టిన మనిషి ఇప్పుడు లేడు. అందులోని అంతర గాంధారం కొంచెం కిందికి ఉన్నదని మనుమడు చాలాకాలంగా అంటున్నాడు. అతని ఫోనులో శ్రుతి చూపే పరికరం ఉన్నది. ఆ స్వరం దగ్గర ముల్లు ఎప్పుడూ ఎడమకు వాలుతుంది. ఆమెకు ఆ గాంధారం తప్ప మరొకటి గాంధారంగా తోచదు. తల్లి చేతికింద చెవికి పట్టిన స్వరం అది. మైనం కరిగితే అదీ కరిగిపోతుందేమో!

ఇక్కడ చిన్న లెక్క అవసరం. స్థాయిని 12 సమభాగాలు చేసే పద్ధతిలో, ప్రతి మెట్టూ తీగ పొడవును సుమారు 1.0595తో భాగిస్తూ పోతుంది. తీగ పొడవు 80 సెంటీమీటర్లనుకుంటే మొదటి మెట్టు నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. 12వ మెట్టు సరిగ్గా సగంలో, 24వది గుర్రానికి 20 సెంటీమీటర్ల ఇవతల పడతాయి. చివరి రెండు మెట్ల మధ్య ఎడం 1.2 సెంటీమీటర్లు మాత్రమే. ఈ లెక్కలో నాలుగవ మెట్టు గుర్రంనుంచి 63.5 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. కాని చెవికి షడ్జంతో పూర్తిగా కలిసిపోయే గాంధారం తీగను అయిదింట నాలుగు వంతులకు తెస్తుంది, అనగా 64 సెంటీమీటర్లు. తేడా అర సెంటీమీటరు. గిటారు, హార్మోనియం మొదటి లెక్కకు కట్టుబడినవి. తంబూరా పక్కన పాడే గొంతు రెండవదాని వైపు మొగ్గుతుంది. ఫోనులోని ముల్లుకు తెలిసినది మొదటి లెక్క ఒక్కటే.

నిజానికి కొలబద్దతో మేళం కట్టడం సాధ్యం కాదు. నొక్కినప్పుడు తీగ బిగువు పెరిగి స్వరం కొంత ఎక్కుతుంది. మెట్టు ఎత్తునుబట్టి, తీగ లావునుబట్టి ఆ ఎక్కుడు మారుతుంది. అందుకే చెక్కడం వచ్చినవారందరికీ మేళం కట్టడం రాదు. ఉలికి చేయి చాలు. మేళానికి చెవి కావాలి.

ఈ మెట్ల తగవు పాతదే. 1550లో విజయనగరంలో అళియ రామరాజు ఆదరణలో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలోనే వీణమీద మెట్లు ఎక్కడ పెట్టాలన్న చర్చ విపులంగా ఉన్నది. ఒకే రాగానికి సరిపడే మెట్లు గల వీణ వేరు, అన్ని రాగాలకూ సరిపడే వీణ వేరు అని ఆయన విభజించాడు. తరువాతి శతాబ్దంలో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడు, స్వయంగా తెలుగు కవి, 24 మెట్లను స్థిరపరచి వీణకు నేటి రూపమిచ్చాడని ప్రసిద్ధి. మెట్లను కదలకుండా నిలబెట్టడంతో రాగరాగానికి మార్చుకునే శ్రమ తప్పింది. గాంధారం ఎక్కడ ఉండాలన్న ప్రశ్న మాత్రం వైణికుని చేతినుంచి మేళం కట్టేవాని చెవికి బదిలీ అయింది. విజయనగరం సంగీత కళాశాలలో 1919 నుంచి ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠం చెప్పిన ఫిడేలుకు ఈ బెడద లేదు. దానికి మెట్లే లేవు.

ఆమె చివరకు ఒప్పుకొన్నారు. ఒక షరతు పెట్టారు. నాలుగవ మెట్టు తన ఎదుట పెట్టాలి.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ ముందుగా ఒక కాగితపు పట్టీని దండిపక్కన పరచి, పాత మెట్ల చోట్లన్నీ పెన్సిలుతో గుర్తు పెట్టుకొన్నారు. అవి దారి చూపడానికి మాత్రమేనని, పాత మైనం ఇన్నేళ్లలో ఎంత జరిగిందో గుర్తులకు తెలియదని ముందే చెప్పారు. తరువాత తీగలు సడలించి, మెట్లు ఒక్కొక్కటే ఊడదీసి వరుస తప్పకుండా పళ్లెంలో పేర్చారు. కాలిన ఇనుపకడ్డీ తగలగానే పాత మైనం పొగ విడిచింది. తేనెపట్టు వాసన వసారా అంతా కమ్ముకొన్నది. సాయంత్రానికి దండి నగ్నంగా మిగిలింది. ఆ రూపంలో వీణను చూడలేక కాబోలు, వృద్ధురాలు లేచి వీధిలోకి పోయి నిలబడ్డారు.

రాత్రి బొబ్బిలిలో ఒక చిన్న లాడ్జిలో బస. మరునాడు వచ్చేసరికి కొత్త మైనపు గట్లు సిద్ధంగా ఉన్నాయి. ముందు మెట్టులేని తీగకు షడ్జం కలిపారు. 12వ మెట్టు పెట్టి తారషడ్జం సరిచూశారు. తరువాత పంచమం, మధ్యమం. మెట్టును మైనంమీద ఆనించి, సారణి మీటి, విని, గోరంత జరిపి, మళ్లీ మీటి, కుదిరిందనుకున్నప్పుడు వేడి కడ్డీతో అంచులు కరిగించి పట్టించడం. చూసేవారికి విసుగు పుట్టేంత నెమ్మది. కుర్రవాడు ఫోను తీసి పక్కన పెట్టుకొన్నాడు. మేస్త్రీ వద్దనలేదు. ఒకటి రెండుసార్లు దానివైపు చూశారు కూడా. షడ్జ పంచమాల దగ్గర ఫోను, చెవి ఒకే మాట చెప్పాయి.

నాలుగవ మెట్టు వచ్చింది. మేస్త్రీ పెట్టినచోట ముల్లు నిట్టనిలువుగా నిలిచింది. కుర్రవాడు సంతోషించాడు. వృద్ధురాలు ఏమీ అనకుండా, తాళపు తీగలను మీటి, ఆ శ్రుతిలో సన్నని గొంతుతో గాంధారం పట్టి నిలిపారు. మేస్త్రీ మెట్టును బిరడాల వైపు కొంచెం జరిపారు. ఆమె మళ్లీ పాడారు. ఇంకొంచెం జరిపారు. ముల్లు ఎడమకు వాలింది.

"తగ్గుతున్నది అమ్మమ్మా" అన్నాడు కుర్రవాడు.

"తగ్గనీ నాన్నా" అన్నారామె. తరువాత మేస్త్రీతో, "చాలు" అన్నారు.

ఆ మెట్టు పాత పెన్సిలు గుర్తుమీద పడలేదు. దానికి రెండు గింజల ఎడంలో ఆగింది. మేస్త్రీ ఆ సంగతి చూశారు గాని చెప్పలేదు. ఆమె అడగలేదు.

మిగిలిన మెట్లు పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. మనుమడు వీణ ఒళ్లో పెట్టుకొని, గిటారు అలవాటున్న వేళ్లతో తడబడుతూ సరళీస్వరాల మొదటి వరుస వాయించాడు. రిషభం, మధ్యమం, ధైవతం మూడూ నిండుగా పలికాయి. గుర్రంమీది లోహపు పలకలో కూడా తీగలు సన్నని గాళ్లు కోశాయని, అది ఇంకొక రెండేళ్లు ఆగుతుందని మేస్త్రీ చూపించారు. నాలుగు రోజులు తీగలు లాగవద్దని, మైనం కుదురుకొనే దాకా గమకాల జోలికి పోవద్దని, ఎండలో ఆగిన కారులో ఎన్నడూ ఉంచవద్దని చెప్పారు. పళ్లెంలోని పాత మెట్లను గుడ్డలో మూటకట్టి ఆమె చేతికిచ్చారు. తూకానికి అమ్మినా ఏమీ రాని ఆ లోహపు ముక్కలను ఆమె సంచి అడుగున, మందుల డబ్బా పక్కన దాచుకొన్నారు.

మర్నాటి ఉదయం విజయనగరం పోయే రైలులో కుర్రవాడు సీటు పట్టి, మళ్లీ లేచి, పెట్టెకు అవతలి పక్కకు మారాడు. అటు కిటికీలోనుంచి ఎండ పడదు.